గోదారి పిల్లలకు గోదారి ఏది?

ధవళేశ్వరం ఆనకట్ట దాటిన గోదావరి పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోపు ఎన్ని పంట కాలువలకు, ఎన్ని లంకలకు, ఎన్ని కొబ్బరి తోటలకు ప్రాణం పోస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. తూర్పున కోరంగి మడ అడవులు, పడమట కొల్లేరు. అడుగు తీసి అడుగు వేస్తే నీరో, బురదో, చెట్టో తగిలే నేల. ఈ నేల మీద పుట్టిన మూడేళ్ల బిడ్డ పగలంతా ఎక్కడ ఉంటోంది? రెండో అంతస్తులో, కిటికీకి జాలీ బిగించిన గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో, పెదాల మీద వేలు పెట్టుకుని ఉంటోంది. అలా కదలకుండా కూర్చున్నందుకు సాయంత్రం చేతి మీద ఓ స్టార్ బొమ్మ వేసి ఇంటికి పంపిస్తున్నారు.

ఇది దానంతటదే వచ్చిపడిన మార్పు కాదు. బడి పెట్టినవాళ్లు, పెట్టనిచ్చినవాళ్లు, ఫీజు కట్టినవాళ్లు, చూస్తూ ఊరుకున్నవాళ్లు అందరూ కలిసి చేసిన పని. ఆరేళ్లు నిండని బిడ్డ కాళ్లను, చేతులను, కళ్లను, అన్నిటికంటే ముఖ్యంగా ఆ బిడ్డ సొంత ఇష్టాన్ని మనం లాక్కున్నాం. లాక్కుని దానికి చదువని పేరు పెట్టాం. ఈ నేరంలో పత్రికలకూ పాలుంది. ఒలింపియాడ్ ర్యాంకుల ప్రకటనలు వచ్చే పేజీలు మావే.

ఉదయం ఏడున్నరకు తణుకులోనో, రావులపాలెంలోనో, అమలాపురంలోనో రోడ్డు మీద నిలబడి చూడండి. మెడలో టై, నడుముకు బెల్టు, వీపున తమకంటే బరువనిపించే సంచీతో నిద్రకళ్ల నర్సరీ పిల్లలు వ్యాను కోసం నిలబడి ఉంటారు. వ్యాను కాలువ గట్టు వెంబడే పోతుంది. గట్టు కింద నాట్లు పడుతుంటాయి, దుక్కి వెనకాల కొంగలు నడుస్తుంటాయి, గుర్రపుడెక్క మీద నీటికోడి పరుగెడుతుంటుంది. బిడ్డ చెయ్యి బయట పెడుతుందని అద్దాలు ఎత్తేస్తారు. బడికి చేరాక నాలుగు గీతల నోటుబుక్కు, కలిపిరాత, డైరీలో హోంవర్కు. యూకేజీకి వచ్చేసరికి యూనిట్ టెస్టులు, వాటికి మార్కులు.

మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థి. మూడేళ్లు వచ్చేసరికి వాటిలో సగం కూడా ఎముకగా గట్టిపడవు. ఆ చేతికి కావలసింది బురద పిసకడం, ఇసుక తవ్వడం, గింజలు ఏరడం, తాడు పట్టి లాగడం. ఈ పనులు చేసీ చేసీ వేళ్లకు పట్టు వస్తుంది, ఆ పట్టే తర్వాత పెన్సిలును నడుపుతుంది. మనం ముందు పెన్సిలిచ్చి, ఆ పనులన్నీ మురికి పనులని మాన్పించాం. మూడు, నాలుగేళ్ల బిడ్డ రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, తెర ముందు గంటకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పిల్లలకు దూరపు చూపు మందగించడం చూసి భయపడిన తైవాన్, 2010లో రోజుకు 120 నిమిషాలు వాళ్లను ఆరుబయట ఉంచే కార్యక్రమాన్ని బడుల్లో మొదలుపెట్టింది. మన దగ్గర ఆటల పీరియడ్ వారానికి రెండు రోజులుంటే అదే గొప్ప. అది కూడా పరీక్షలొస్తే రద్దు.

ఈ మధ్య కోనసీమలో ఒక యూకేజీ బిడ్డ డ్రాయింగ్ పుస్తకం మా కంటపడింది. పేజీలో కొబ్బరిచెట్టు అచ్చువేసి ఉంది, రంగు నింపడమే బిడ్డ పని. ఆ బిడ్డ పై మట్టలకు పచ్చరంగు వేసి, కింది మట్టలకు నల్లరంగు వేసింది. టీచరు వాటిని ఎర్రసిరాతో కొట్టేసి పక్కన ‘గ్రీన్’ అని రాసింది. గోదావరి జిల్లాల కొబ్బరి తోటలను కొన్నేళ్లుగా రూగోస్ తెల్లదోమ పీడిస్తోంది. అది విసర్జించే తేనెలాంటి జిగురు కింది మట్టల మీద పడుతుంది, ఆ జిగురు మీద మసిలాంటి బూజు పెరుగుతుంది, ఆకు నల్లబడుతుంది. ఏ కొబ్బరి రైతునడిగినా ఇదే చెబుతాడు. ఆ నలుపును ఐదేళ్ల బిడ్డ తనంతట తాను చూసింది. పై మట్టకు లేదని, కింది మట్టకే ఉందని కూడా పట్టుకుంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ అడగకుండా కాగితం మీద పెట్టింది. చదువు అంటూ ఏదైనా ఉంటే అదే. ఆ ఎర్రగీత బిడ్డకు నేర్పినదల్లా నీ కంటితో చూసింది తప్పు, మేము చెప్పిందే ఒప్పు అని. ఇలాంటి ఎర్రగీతలు వందల పుస్తకాల్లో రోజూ పడుతున్నాయి. అవి ఏ పరీక్ష ఫలితాల్లోనూ కనిపించవు.

బిడ్డకు సొంత నిర్ణయం నేర్పడం ఒక పాఠం, ప్రకృతిని పరిచయం చేయడం ఇంకో పాఠం అనుకోవడం దగ్గరే మనం దారితప్పాం. నాలుగు గోడల మధ్య అడిగే ప్రశ్నకు జవాబు ముందే టీచరు దగ్గర ఉంటుంది. బిడ్డ చేయాల్సింది ఆ జవాబును ఊహించడం, లేదా బట్టీపట్టడం. కాలువ గట్టున నత్త ఎటు పాకుతుందో టీచరుకూ తెలియదు. ఏ రాయి ఎత్తాలో, ఎంతసేపు చూడాలో, పీత బొరియ ముందు ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో బిడ్డే తేల్చుకోవాలి. తేల్చుకోవడంలో తప్పు చేస్తే పీత గిల్లుతుంది, రెండోసారి చెయ్యి జాగ్రత్తపడుతుంది. తనకు తోచింది చేసి దాని ఫలితాన్ని తానే చూసుకునే చోటు మూడేళ్ల బిడ్డకు ఆరుబయటే దొరుకుతుంది. ఏడాదికో రోజు గ్రీన్ డే అని పచ్చ గౌను వేసి, ఒక మొక్క చేతికిచ్చి ఫొటో తీసినంత మాత్రాన అది దొరకదు. ఆ మొక్క ఎక్కడ నాటాలో కూడా ముందే పెద్దవాళ్లు నిర్ణయించేశారు.

బిడ్డకు తన సంగతుల్లో తన మాట చెప్పుకునే హక్కుందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లోనే చెప్పింది. ఆట కూడా హక్కేనని అదే పత్రం చెప్పింది. మన దేశం 1992లో దాన్ని అంగీకరించింది. అయినా బిడ్డ మాట వినడమంటే ముద్దు చేసి పాడుచేయడమేనని ఇక్కడ ఇంకా అనుకుంటున్నారు. మాట వినే పిల్లలు కావాలి మనకు. మాట్లాడే పిల్లలు వద్దు.

ఇది విదేశాల నుంచి వచ్చిన కొత్త వాదమని కొట్టిపారేసేవాళ్లు రాజమహేంద్రవరం చరిత్ర ఒకసారి తిరగేయాలి. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం ఆడపిల్లలకు బడి పెట్టినప్పుడు బడి ఎవరికి అన్నదే వివాదం. తర్వాతి తరం, బడి బిడ్డను ఏం చేస్తోంది అని అడిగింది. ఆ ప్రశ్నను అందరికంటే గట్టిగా అడిగింది చలం. రాజమండ్రిలో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే చోట పనిచేసి, తర్వాత పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు తిరిగిన మనిషి ఆయన. బడుల్లో ఏం జరుగుతుందో కళ్లారా చూశారు. కొట్టడం, భయపెట్టడం, పెద్దల ఇష్టాన్ని పిల్లల మీద రుద్దడం ఇవన్నీ పెంపకం కాదని ‘బిడ్డల శిక్షణ’ పుస్తకమే రాశారు. ఆయన మిత్రుడు, దంగేరులో పుట్టిన చింతా దీక్షితులు విద్యాశాఖలో ఉద్యోగం చేస్తూనే పిల్లల ఆటను, పిల్లల మాటను సాహిత్యంలోకి తెచ్చారు. ఆయన పిల్లల పుస్తకం పేరు ‘లక్కపిడతలు’. అదే కాలంలో భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం తెరిచారు. నూరేళ్లు గడిచాయి. చలం నడిచిన ఊళ్లలో నేడు మూడేళ్ల బిడ్డకు ఇంటర్వ్యూ పెట్టి సీటిస్తున్నారు.

డెల్టా పట్టణాల్లో ‘మాంటిస్సోరి’ అని బోర్డు లేని వీధి అరుదు. ఆ పేరు వాడుకునేవాళ్లలో ఎంతమందికి ఆ మనిషి ఏం చేసిందో పట్టింపు ఉంది? మరియా మాంటిస్సోరి తన మొదటి బాలల ఇంటిని 1907 జనవరి 6న రోము నగరంలోని శాన్ లొరెంజోలో, కూలినాలి చేసుకునేవాళ్ల వాడలో తెరిచింది. ఏ వస్తువు తీసుకోవాలో, దానితో ఎంతసేపు పనిచేయాలో అక్కడ బిడ్డ నిర్ణయం. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఆగిపోయి, 1946 దాకా మన దేశంలో వందలమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. కొడైకెనాల్‌లో ఉన్న కాలంలో పిల్లలను చెట్టూ చేమా మధ్యకు తీసుకుపోయి, అక్కడ దొరికినవాటితోనే పాఠాలు అల్లింది. ఆమె పేరు బోర్డు మీద రాసి, లోపల పిల్లలను వరసల్లో కూర్చోబెట్టి ఒకటే పేజీ అందరిచేతా రాయించడం తల్లిదండ్రులను మోసం చేయడమే.

చట్టం ఏం చేస్తోంది? నర్సరీలో చదువు రుద్దడం పిల్లల మీద హింసేనని, ప్రవేశ పరీక్షలు, ఇంటర్వ్యూలు ఎత్తేయాలని కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. 2002లో 86వ సవరణ వచ్చినప్పుడు ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కయింది. ఆరేళ్లలోపు పిల్లల విషయంలో మాత్రం రాజ్యం ప్రయత్నించాలని 45వ అధికరణం సరిపెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షను కూడా ప్రభుత్వం తగిన ఏర్పాట్లు చేయవచ్చు అని వదిలేసింది. చేసి తీరాలని అనలేదు. ఆ సందులోంచే ఈ వ్యాపారమంతా పుట్టింది. 2020 జాతీయ విద్యావిధానం మంచి మాటలు చెప్పింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని, 2030కల్లా ప్రతి బిడ్డకూ నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య అందాలని రాసింది. 2022లో పునాది దశకు జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది. ఆటే పాఠమని, ఎనిమిదేళ్లలోపు బిడ్డ చుట్టూ ఉన్న ప్రకృతి కూడా పాఠ్య సామగ్రేనని అందులో ఉంది. ఆ పుస్తకం వచ్చాక రాజమహేంద్రవరంలోనో, భీమవరంలోనో ఒక్క యూకేజీ పరీక్ష ఆగిందా? తరగతికి ఒక్క చెట్టు నీడ దక్కిందా? ఆరేళ్లలోపు పిల్లల గదుల్లోకి తొంగిచూసే అధికారి లేడు. భవనానికి అగ్నిమాపక శాఖ అనుమతి ఉందా అని అడుగుతారు, ఆటస్థలం ఉందా అని అడగరు.

ప్రైవేటు బడులను తిట్టి ప్రభుత్వం తప్పించుకోవడానికి వీల్లేదు. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన సమీకృత శిశు అభివృద్ధి పథకం నేడు మన రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీలుగా ఊరూరా ఉంది. పేదవాడి బిడ్డకు ప్రీస్కూలంటే అదే. చాలాచోట్ల అది అద్దె గది, ముందు రోడ్డు, వెనక మురుగు కాలువ. టీచరు చేతిలో బిడ్డ చెయ్యి ఉండాల్సిన చోట ఫోను ఉంటోంది. గుడ్లెన్ని వచ్చాయి, పాలెన్ని పోశాం, బరువెంత, ఎత్తెంత, ఫొటో ఎక్కిందా, ముఖం గుర్తించిందా అని యాప్‌తో కుస్తీ పట్టేసరికి పదకొండవుతుంది. ఆ పైన సర్వేలు, సమావేశాలు, ఎన్నికల విధులు. ఒక్క ఆయా సాయంతో పాతికమంది పిల్లలను గట్టు మీదకు తీసుకెళ్లడం ఆమెకు ఎలా కుదురుతుంది? 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు వీళ్లు సమ్మె చేశారు. 11,500 రూపాయల గౌరవ వేతనం పెంచమని అడిగినందుకు నాటి ప్రభుత్వం వాళ్ల మీద అత్యవసర సేవల చట్టాన్ని (ఎస్మా) ప్రయోగించింది. రాష్ట్రంలో మూడేళ్ల పిల్లలకు మొదటి గురువులు వాళ్లు. ప్రభుత్వాలు మారాయి. అంగన్‌వాడీ టీచరును గురువుగా చూసే ప్రభుత్వం మాత్రం ఇంకా రాలేదు.

తల్లిదండ్రుల వంతుకు వద్దాం. అప్పుచేసైనా కాన్వెంటుకు పంపే కోనసీమ కూలీ తల్లిని మేము దోషి అనము. “మేమెలాగూ మట్టి పిసుక్కునే బతికాం, మా పిల్లలకు కూడా మట్టేనా?” అని ఆమె అడిగితే ఆ ప్రశ్న వెనక తరాల అవమానం ఉంది. ఇతరుల పొలంలో బలవంతాన దిగిన బురద, తన ఇష్టంతో బిడ్డ ఆడే బురద ఒకటి కాదు. ఆమెకు జరుగుతున్న అన్యాయం ఇంకోటుంది. హైదరాబాద్‌లో లక్షల ఫీజు తీసుకునే బడుల్లో ఇసుక గుంటలు, కూరగాయల మడులు, చెట్టుకింద కథలు కొనుక్కుంటున్నారు ఉన్నవాళ్లు. లేనివాళ్లకు అంటగడుతున్నది బెల్టు, బట్టీ, బెత్తం. పోనీ ఆ బట్టీ అయినా అక్కరకొస్తోందా? అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా సుమారు 14,000 మంది పిల్లలను వెంబడించిన అధ్యయనం 2017లో వెలువడింది. అంగన్‌వాడీల్లో చాలావరకు చదువే జరగడం లేదని, ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి పాఠాలనే ముందుకు జరిపి రుద్దుతున్నారని, ఐదేళ్లకు పిల్లలు బడికి సిద్ధంగా లేరని అది తేల్చింది. అమెరికాలో టెనెసీ రాష్ట్రం నడిపిన ప్రీస్కూళ్లకు వెళ్లిన పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి, వాటిలో సీటు దొరకనివాళ్లకంటే చదువులోనూ ప్రవర్తనలోనూ వెనకబడ్డారని 2022లో బయటపడింది. కూర్చోబెట్టి అక్షరాలూ అంకెలూ రుద్దిన తీరే అందుకు కారణం కావొచ్చని ఆ పరిశోధకుల్లో ఒకరైన డేల్ ఫరాన్ అన్నారు. ఆ కూలీ తల్లి కడుపు కట్టుకుని కడుతున్న ఫీజుకు బదులుగా ఏమిస్తున్నారో ఆమెకు చెప్పే బాధ్యత ఎవరిది?

భయం సంగతి కూడా మాట్లాడాలి. ఏటా వేసవిలో కాలువల్లో, రేవుల్లో మునిగిపోయిన పిల్లల వార్తలు ఈ పత్రికలోనే అచ్చువేస్తున్నాం. కట్లపాములు, రక్తపింజరలు ఉన్న నేల ఇది. తల్లుల భయం నిజం. కానీ నీటికి భయపడి బిడ్డను నీటికి పూర్తిగా దూరం చేస్తే, పద్నాలుగేళ్లకు స్నేహితులతో తొలిసారి రేవులో దిగినప్పుడు లోతు అంచనా తెలియని కుర్రాడు అవుతాడు. గట్టు మీద ఎక్కడ జారుతుందో, ఎర్రనీరు వచ్చినప్పుడు ప్రవాహం ఎలా మారుతుందో, పొదలో కర్రతో కొట్టి చూశాకే కాలు ఎందుకు పెట్టాలో, ఇవన్నీ చిన్ననాడు పెద్దల చెయ్యి పట్టుకుని నేర్చుకోవాల్సిన విషయాలు. దానికి కంచె వేసిన నాలుగు గజాల గట్టు, కళ్లు తిప్పకుండా చూసే ఇద్దరు మనుషులు కావాలి. అదీ కాక, ఏ గట్టుకు తీసుకెళ్లమంటారు? పట్టణాల్లో కాలువలు మురుగునీటికి, కోళ్ల వ్యర్థాలకు దారులయ్యాయి. ఊరచెరువులు పూడ్చారు. రొయ్యల చెరువుల మధ్య ఊళ్లు చిక్కుకున్నాయి. పిల్లలు ఆరుబయట ఆడుకోవాలంటే ముందు ఆరుబయట అనేది మిగలాలి. అది మున్సిపాలిటీల, పంచాయతీల పని.

ఈ నేలకు ఒక సంవత్సరం ఉంది, పిల్లల బడికి దానికంటే మంచి సిలబస్ లేదు. జూన్‌లో కాలువకు నీరొస్తుంది. అప్పటిదాకా ఎండి నెర్రెలిచ్చిన అడుగు మీద తడి పాకుతూ వస్తుంటే చూడటం నాలుగేళ్ల బిడ్డకు ఒక పూట పాఠం. నారుమళ్లలో పచ్చదనం, సార్వా నాట్లలో కూలీల పాట, శ్రావణంలో ఎర్రబడిన గోదారి, పుస్తెలమ్మైనా పులస తినాలని పెద్దలు మాట్లాడుకునే రోజులు. వినాయక చవితికి పత్రి ఏరడానికి వెళ్తే ఉత్తరేణి గింజ గౌనుకు అంటుకుని వస్తుంది, అది ఎందుకు అంటుకుందో అడిగే బిడ్డకు ఒక మొక్క తన పిల్లలను ఎలా పంపుతుందో చెప్పొచ్చు. ఇప్పుడు పత్రి కూడా ప్యాకెట్లలో కొంటున్నాం. కోతల తర్వాత బీడులో పరుగులు, తాటిబుర్రల బండి, కొబ్బరాకు బూర, దాళ్వా చేలో తూనీగలు, ఏప్రిల్‌లో కాలువ కట్టేశాక అడుగున దొరికే ఆలుచిప్పలు. వీటిలో ఏదీ డబ్బుపెట్టి కొనాల్సింది కాదు. కడియపులంక నర్సరీల నుంచి దేశమంతటికీ లారీల్లో మొక్కలు పోతున్నాయి. ఆ లారీలు వెళ్లే దారి పక్కన ఉన్న ప్లేస్కూలు మేడ మీద మాత్రం ప్లాస్టిక్ గడ్డి పరుస్తున్నారు.

ఇప్పటికే ఉన్న అధికారంతో కలెక్టర్లు చేయగలిగిన పనులున్నాయి. ఆరేళ్లలోపు పిల్లలకు రాత పరీక్షలు, ప్రవేశ ఇంటర్వ్యూలు పెట్టే బడుల పేర్లు మండలాల వారీగా బయటపెట్టవచ్చు. 2020 స్కూలు బ్యాగు విధానం పూర్వ ప్రాథమిక తరగతుల పిల్లలకు సంచీయే వద్దంది, రెండో తరగతి దాకా హోంవర్కు వద్దంది. దాన్ని అమలు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి అంగన్‌వాడీకి నడిచిపోయే దూరంలో పంచాయతీ స్థలమో, గట్టు ముక్కో, గుడి తోపో గుర్తించి కంచె వేయించవచ్చు. ఉపాధి హామీ పనుల్లో కంచెలు, మొక్కలు కలపవచ్చు. యాప్ పనికి వేరే మనిషిని పెట్టి, పొద్దుట రెండు గంటలు టీచరు చేతిలో ఫోను లేకుండా చూడవచ్చు. బొమ్మూరు, దూబచర్ల జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో (డైట్) చదివే కాబోయే ఉపాధ్యాయులచేత ఏడాదికి కొన్ని వారాలు అంగన్‌వాడీ పిల్లలతో ఆరుబయట పనిచేయించవచ్చు.

సార్వాకు నీరు ఎప్పుడు వదలాలో తేల్చడానికి ఏటా మే నెలలో సాగునీటి సలహా మండలి కూర్చుంటుంది. మంత్రులొస్తారు, ఎమ్మెల్యేలొస్తారు, కలెక్టరు కూర్చుని తేదీ ప్రకటిస్తారు. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల్లో ఆరేళ్లలోపు పిల్లల కోసం అలా కూర్చున్న సమావేశం ఒక్కటి మాకు చూపించండి. ఈ మే నెలలో ఆ సమావేశం జరగాలి. పై పనుల మీద సంతకం చేసిన ఉత్తర్వు బడులు తెరిచేలోపు ప్రతి అంగన్‌వాడీ టీచరుకూ, ప్రతి ప్రైవేటు ప్రీస్కూలు యాజమాన్యానికీ చేరాలి.